ఆరు బెజ్జాలు

తొమ్మిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. లేదు. అంతే. ఇంట్లో రోజుకు ఇరవైసార్లు అనే మాట. కూర మిగిలిందా అంటే లేదు, కరెంటు వచ్చిందా అంటే లేదు. అన్నిటిలోకీ ఒక్క ‘లేదు’ మాత్రం నా గొంతులో నిలిచిపోయింది. మింగలేను, కక్కలేను. నా పేరు చెప్పను. చెబితే ప్రొద్దుటూరులో సగంమంది పోల్చుకుంటారు, మిగతా సగంమంది మా ఆయన అంగట్లో చీరలు కొన్నవాళ్లే. నువ్వెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకు చెప్పగలిగేదాన్నే అయితే ఇన్నేళ్లు ఆగేదాన్నా?

మా మామ వాడిన మీగడరంగు అంబాసిడర్ కారు ఒకటి మా ఇంట్లో ఉంది. ఆయన పోయాక నాలుగేళ్లు రేకుల షెడ్డు కింద కదలకుండా పడి ఉండింది. మా వైపు వానలెంత? అయినా తుప్పు పట్టింది. మా బోరు నీళ్లు ఉప్పన. గిన్నెలో కాస్తే అడుగున తెల్లగా పేరుకుంటుంది. మామ బతికున్నన్నాళ్లూ ఆ నీళ్లతోనే కారు కడిగాడు. బిడ్డకు పోసినట్టు పోసేవాడు. ఆ ప్రేమే దాన్ని తినేసింది.

దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని మా ఆయన పట్టుబట్టాడు. రిపేరు షెడ్డుకు పంపితే మన సామాన్లు పోయి ఎవరివో వస్తాయని అనుమానం. అందుకే జమ్మలమడుగు నుంచి మస్తాన్ అనే టింకరును ఇంటికే పిలిపించాడు. మా ఆయనను ‘శెట్టి’ అనే మస్తానన్న వారానికి రెండు రోజులు బస్సులో వచ్చేవాడు. కుళ్లిన రేకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, సాయంత్రం బస్సుకు పోయేవాడు. మధ్యలో ఐదు రోజులు బండి అట్లే ఉంటుంది కదా. గీకే పని చాలా ఉంది. ఒకరోజు ఊరికే ఉప్పుకాగితం తీసుకొని ఒక మూల రుద్దాను. ఎర్ర తుప్పు పొడి రాలి, కింద నుంచి తెల్లటి ఇనుము బయటపడింది. అదేం సంతోషమో చెప్పలేను. ఆ రోజు నుంచి వంట కాగానే నేను కారు కిందే.

ఆరు నెలలు పట్టింది. కోడలు ఇనుము పట్టుకుందని బంధువులు ఎగతాళి చేశారు. మస్తానన్న మాత్రం ఎప్పుడూ నవ్వలేదు, నేర్పించాడు. సుత్తితో మెల్లగా కొడితే మంచి రేకు మోగుతుంది, పుచ్చిన రేకు దబ్బుమంటుంది, మోగేదాకా కోయాలి. తుప్పు మీద రంగేస్తే పుండు మీద పౌడరు చల్లినట్టే. గీకిన రోజే, మళ్లీ తుప్పు పట్టకుండా రెడాక్సైడు పుయ్యాలి. చేతికి అందని చోట్ల పాత ఇంజనాయిలు పొయ్యాలి. ఇవన్నీ అతని పాఠాలే. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటుంది. నాలుగు తలుపుల అడుగున నాలుగు, తలుపుల కింద బండి పొడవునా ఉండే ఇనుప గొట్టాలకు చెరొకటి, మొత్తం ఆరు బెజ్జాలు. అద్దం పక్క నుంచి నీళ్లు ఎట్లాగూ లోపలికి దిగుతాయి. అవి బయటికి పోయే దారి ఇదొక్కటే. ఏమైనా సరే వీటిని ముయ్యకూడదని, నా వేలు పట్టి మరీ ఒక్కొక్క బెజ్జమూ తడిమించాడు. నాకు తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. చూశావా?

ఆ ఏడు దసరాకు కారు సిద్ధమైంది. ఆయుధపూజ రోజు పొద్దున్నే కడిగి, ముందర ముగ్గేసి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాం. చుట్టాలంతా వచ్చారు. మస్తానన్న పనిని కాదు, నా పనిని చూడ్డానికి వచ్చారని నా లోపల ఒక గర్వం. హారతి ఇస్తుండగా తలుపు అడుగు నుంచి ఎర్రటి నీళ్లు కారడం మొదలైంది. పెద్ద విషయం కాదు. లోపల మిగిలిన తుప్పు పొడి కడిగిన నీళ్లతో దిగుతోంది, అంతే. కానీ తెల్లటి ముగ్గు మీద అది చార కట్టింది. మా ఆయన మేనత్త నోటికి అడ్డూ ఆపూ లేదు.

“ఆరు నెల్లు గీకి గీకి, కడాకు ఇదా? బండి ముట్టయినట్టుండాదే,” అంది.

ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు దిష్టికి పెట్టిన గుమ్మడికాయ వైపు చూశారు. పూజ దగ్గర ఆ మాట. నా చెవులు కాలిపోయాయి. మా ఆయన నా వైపు చూడలేదు. ఆరు నెలల నా అరచేతుల పుండ్లన్నీ ఆ ఒక్క మాటతో నవ్వులపాలయ్యాయి.

మరుసటి వారం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మిగిలిన బూడిదరంగు లప్పం కలిపాను. కార్ల సొట్టలు పూడ్చడానికి వాడే లప్పం, గట్టిపడితే రాయి. ఆరు బెజ్జాలూ మూశాను. ఉప్పుకాగితం పట్టి నున్నగా చేసి పైన రంగేశాను. పని నేర్చిన చెయ్యి కదా, తెలియనే తెలియదు. వచ్చే దసరాకు చుక్క కూడా కారదు అనుకున్నాను. కారలేదు. ఆ మరుసటి దసరాకూ కారలేదు. మేనత్త మెచ్చుకుంది. నేను పొంగిపోయాను.

మరి నీళ్లు ఎక్కడికి పోయాయి? ఆ ప్రశ్న నాకు రాలేదా? వచ్చింది. బండి ఆగినప్పుడల్లా తలుపులో గళగళమని చప్పుడయ్యేది. ఏం చప్పుడని మా ఆయన అడిగితే సీటు కింద నీళ్ల సీసా అన్నాను. ఒకసారి తలుపు అంచున రంగు ఆవగింజంత ఉబ్బింది. గోటితో గీరితే ఎర్రగా వచ్చింది. లోపలి నుంచి తింటోందని నాకు తెలుసు. ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు. ఒక స్క్రూడ్రైవరు, ఒక పూట పని చాలు. కానీ తెరిస్తే ఎర్ర నీళ్లు కారతాయి, ఎందుకు మూశావని ఆయన అడుగుతాడు, మస్తానన్న చెప్పినా వినలేదా అంటాడు. అందుకని చిన్న కుంచెతో ఆ ఆవగింజ మీద రంగేశాను. పుండు మీద పౌడరు. అంత తెలిసీ ఎందుకు ఊరుకున్నానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. సిగ్గు అని ఒక జవాబు వస్తుంది. సిగ్గుకు అంత బలం ఉంటుందా?

పులివెందులలో నిశ్చితార్థానికి పోతున్నాం. ముద్దనూరు దాటాక వెనక టైరు పంక్చరైంది. మిట్టమధ్యాహ్నం, చెట్టు లేదు చేమ లేదు. ఆయన తలుపు కింది ఇనుప గొట్టానికి జాకీ పెట్టి బండి లేపాడు. నేను నట్లు కొంగులో పట్టుకొని పక్కన నిలబడ్డాను. చక్రం ఊడదీసి, లోపల ఏదో చూద్దామని ఆయన కుడిచెయ్యి పెట్టాడు. అప్పుడు రేకు చిరిగిన చప్పుడు వినబడింది. అప్పడం విరిగినట్టే ఉంది, అంతకు మించి పెద్ద చప్పుడు కూడా కాదు. జాకీ రేకును చీల్చుకొని పైకి పోయింది. బండి కిందికి కూలింది.

ముందు నీళ్లు వచ్చాయి. చిరిగిన చోటు నుంచి రెండేళ్ల నీళ్లు, చిక్కగా, ఎర్రగా, దుమ్ములోకి పారాయి. ఆయన అరుపు నాకు ఆ తర్వాతే వినబడింది. నేను ఆ నీళ్లనే చూస్తున్నాను. దేవుడు సాక్షిగా చెబుతున్నాను, మొగుడి చెయ్యి ఇనుము కింద ఉంటే నా మొదటి ఆలోచన ఈ నీళ్లు ఆయన చూస్తాడేమోనని. ఇంతకంటే చెడ్డ ఆలోచన నాకు జన్మలో రాలేదు. ఆ తర్వాత పరుగెత్తి లారీని ఆపాను, లారీ వాళ్లు బండిని ఎత్తారు. పులివెందుల ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. చూపుడు వేలు, నడిమి వేలు. చీర గుడ్డకు కత్తెర వేసే వేళ్లు.

మత్తు దిగాక ఆయన అన్న మొదటి మాట, మస్తాన్ గాడు తుక్కు రేకు ఏసి మోసం చేసినాడని. నేను నీళ్ల గ్లాసు పట్టుకొని ఉన్నాను. దాన్ని ఆయన నోటికి అందించాను.

తర్వాత ఆయన ఆ మాట అంగట్లో కూర్చొని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. కట్టు కట్టిన చెయ్యి ముందుకు చాపి చెప్పాడు. గుడ్డల అంగట్లో చెప్పిన మాట ఎంత దూరం పోతుందో నీకు తెలుసా? జమ్మలమడుగు వాళ్లు వస్తారు, కమలాపురం వాళ్లు వస్తారు, పెళ్లి బట్టలకు పులివెందుల వాళ్లు వస్తారు. చీరతో పాటు ఆ మాటా మూట కట్టుకొని పోయారు. జమ్మలమడుగులో మస్తానన్న షెడ్డుకు బండ్లు రావడం ఆగిపోయింది.

కూలిన కారును తెచ్చి షెడ్డులో పెట్టారు. ఆయన మాత్ర వేసుకొని నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం నేను కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో లప్పమంతా పెళ్లగించాను. ఆరు బెజ్జాలూ తెరిచి, గీతలు కనబడకుండా పాత ఆయిలు పూశాను. ఆ చెయ్యి ఎవరు నేర్పిన చెయ్యి?

వారం తిరక్కముందే మస్తానన్న వచ్చాడు. మా ఆయన అంగట్లో ఉన్నాడు. ఒకసారి బండి చూసుకుంటానన్నాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. కిందికి దూరాడు. చాలాసేపు రాలేదు. నేను వంటింటి గడపలో నిలబడి అతని పాదాలు చూస్తున్నాను. పాదాలు కదలడం లేదు. బయటికొచ్చి కూర్చున్నాడు. చూపుడు వేలు గోటి సందులో ఏదో బూడిద రంగుది ఇరుక్కొని ఉంది. దాన్ని చూసుకుంటూ అడిగాడు.

“అక్కా, ఒక్క మాట. ఆ కింద బెజ్జాలు నువ్వేమన్నా మూసినావా?”

“లేదన్నా. నేనెందుకు మూస్తా?”

“కోపంగా అడగల్యా. మూసింటే చెప్పు. నేను శెట్టికి వేరే మాదిరి చెప్పుకుంటా, నీ మీదికి రానీను.”

“లేదంటాండా కదన్నా.”

అతను ఆ వేలును లుంగీకి తుడుచుకున్నాడు. మెల్లగా తుడుచుకున్నాడు.

“సరే అక్కా. నువ్వు లేదంటే లేదు. నాతోపాటు ఆరు నెల్లు ఆ ఉప్పుకాగితం పట్టినదానివి. నాతో అబద్ధమాడవు.” లేచాడు. “శెట్టితో ఒక్క మాట చెప్తావా? రేకు మంచిదే ఏసినాడు, నేను కళ్లారా చూసినా అని. నీ మాట ఇంటాడు. షెడ్డుకు ఒక్క బండి వస్చాండ్లా అక్కా.”

“చెప్తాలే అన్నా.”

మజ్జిగ ఇచ్చాను. నిలబడే తాగి, గ్లాసు కడిగి బోర్లించి పోయాడు.

చెప్పలేదు. మొదటి ‘లేదు’ భయంలో వచ్చిందనుకో. మరి ‘చెప్తాలే’? దానికి ఏ భయం అడ్డం? ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చాడు, నేను అన్నం పెట్టాను, ఎడమచేత్తో తినలేక మెతుకులు రాల్చుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. ఈ వేళ్లు పోయింది నీ వల్లేనే అని ఆ మనిషి అనే క్షణాన్ని నేను తట్టుకోలేననుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. తొమ్మిదేళ్లు రేపే అయ్యాయి.

మస్తానన్న షెడ్డు ఎత్తేశాడు. చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ గేటులో కూర్చుంటాడని విన్నాను. ఒకసారి బస్సులో పోతుంటే కనబడ్డాడు. నన్ను చూసి ఎప్పటిలాగే చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి శుభ్రంగా ఉంది. గోళ్లలో మసి లేదు, వేళ్ల మీద కాలిన మచ్చలు మాసిపోయాయి. అంత శుభ్రమైన చేతులు అతనికి నేనెన్నడూ చూడలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన నెల మా ఆయన కొత్త అల్లుడికి ఆ కథ చెప్పాడు. అయితే ఈసారి అందులో ఒక మాట కొత్తగా చేరింది. మస్తాన్ తుక్కు రేకు తెచ్చి వెయ్యడం తాను కళ్లారా చూశానన్నాడు. ఆయన చూడలేదు. అబద్ధమాడే మనిషీ కాదు. చెప్పీ చెప్పీ నిజంగా చూసినట్టే నమ్ముతున్నాడు. నేను మూసిపెట్టింది ఆయన లోపల కూడా తింటోంది. మస్తానన్న పేరు పోయింది, మా ఆయన వేళ్లు పోయాయి, ఇక ఆయన నిజాయితీ మిగిలింది. దాన్నీ నేనే పోగొడుతున్నాను.

అయినా ఆయనకు చెప్పలేదు. చెబుతానని నీకు మాటా ఇవ్వను, ‘చెప్తాలే’ అని ఒకసారి అన్నది చాలు. క్షమించమని కూడా అడగను. అది నీ దగ్గర ఉండేది కాదు.

వేరే అతను బాగుచేశాక కారు మళ్లీ తిరుగుతోంది. నెలకొకసారి నేను కిందికి దూరి ఇనుప తీగతో ఆరు బెజ్జాలూ పొడుస్తాను. దసరాకు ఎర్ర నీళ్లు కారితే కారనిస్తాను. నిన్న కూడా దూరాను. మూడో బెజ్జంలో ఏదో అడ్డం పడింది. పొడిచాను. నీళ్లు మోచేతి దాకా కారాయి. తుడుచుకోకుండా అట్లే పడుకొని, ఆ రేకుతో, నోరు తెరిచి, వినబడేటట్టు అన్నాను.

“మూసినా మస్తానన్నా. నేనే మూసినా.”

అక్కడ ఎవరూ లేరు. అందుకని ఇప్పుడు నీ ముందు మళ్లీ అంటున్నాను. నేనే మూసినా.