వెర్లా ఈల

డెబ్బై దాటిన వెర్లా షూప్ జింకను కొట్టాక జింక వైపు చూడదు. తండ్రి నాటి ఎర్రగళ్ల ఉన్నికోటు ఎగదోసుకుని మంచులో మోకరిల్లి, పేలిన తూటా తాలూకు ఇత్తడి గుల్ల వెతుక్కుంటుంది. తుపాకీ కూడా తండ్రిదే. దాని తూటాలు మా పెన్సిల్వేనియా కొండల్లో ఏ అంగడిలోనూ దొరకవు గనక, ఆ గుల్లల్లోనే మళ్లీ మందు కూరుకుంటుంది. గుల్ల దొరకగానే కింది పెదవికి ఆనించి ఈల ఊదుతుంది. అది వినబడితే మా వేట గుడిసెలో కాఫీ పొయ్యెక్కుతుంది.

"అత్తయ్యా, అది మ్యూజియంలో పెట్టాల్సిన తూటా. నాది చూడు, ఎంత పొడుగో!" అంటాడు అల్లుడు డ్వేన్.

"జింకకి పొడుగూ పొట్టీ తెలీదు నాయనా. తగిలిందా లేదా, అంతే."

మొన్న మధ్యాహ్నం ఆమె తుపాకీ పేలింది గానీ ఈల రాలేదు. గురి తప్పినవాళ్ల చొక్కా అంచు కత్తిరించి గోడకు కొట్టడం మా ఆచారం. డ్వేన్ కత్తెర పట్టుకుని హుషారుగా కొండెక్కాడు, వెనకే మేమూ. తీరా చూస్తే జింక పడే ఉంది. వెర్లా మంచు తవ్వుతోంది.

"గుడ్లప్పగించి చూస్తారేం? వెతకండి! జింకెక్కడికీ పోదు."

అందరం మోకాళ్ల మీద పడ్డాం. గుల్ల డ్వేన్‌కే దొరికింది. తుడిచి, ముచ్చటపడి తనే ఈల ఊదాడు.

"బాగా ఊదావు. ఇక అటు తిరుగు."

"ఎందుకత్తయ్యా?"

"పొద్దున నీ పొడుగు తూటా మోత కొండంతా విన్నాంలే. జింకేదీ?" అంటూ ఆమె కత్తెర కోసం చెయ్యి చాచింది.