విద్యార్థులు వద్దంటూ విద్యార్థుల దీక్ష

రెండువేల దశకం మధ్యలో వనపర్తిలో మా వాడకు పెద్ద ఆపద వచ్చిపడింది. వాడ చివర ఖాళీగా ఉన్న జాగాలో ఒక కాంట్రాక్టరు నాలుగంతస్తుల స్టూడెంట్ హాస్టల్ కడతానని పునాదులు తవ్వించాడు.

మా వాడలో ప్రతి ఇంటి వెనకా చదువుకునే పిల్లలు కిరాయికి ఉండేవాళ్లు. మా పెరట్లోనూ రెండు రేకుల గదులుండేవి. పెద్దమందడి, బల్మూర్ నుంచి వచ్చిన పాలిటెక్నిక్ పిల్లలకు వాటిని ఇచ్చాను. మా ఆయన సర్కారు బడి పంతులు. జీతం ఆయన జేబులోకి, కిరాయి నా చేతిలోకి వచ్చేవి. అమ్మగారింటికి నాలుగు పండ్లు కొనుక్కుపోవాలన్నా, ఒక సినిమా చూడాలన్నా ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. హాస్టల్ లేస్తే ఆ సుఖం కాస్తా పోతుంది. నా కడుపు మండిపోయింది.

కిరాయిలు పోతాయని పైకి ఎవరంటారు? మీటింగులో మావాళ్లంతా సంస్కృతి గురించి మాట్లాడారు. అందరికంటే ఎక్కువ మా ఆయనే మాట్లాడాడు. "పోరగాండ్లు మిద్దెలెక్కి మన ఇండ్లల్లకు తొంగిచూస్తరు. ఆడపిల్లలున్న వాడ ఇది" అన్నాడు. మా కిరాయి పిల్లలు రోజూ మా మిద్దె మీదే బట్టలారేసేవాళ్లని ఆయనకు గుర్తే లేదు. రిలే నిరాహార దీక్ష చేయాలని తీర్మానించారు. షామియానా వేసి, "విద్యార్థుల బెడద మాకొద్దు" అని బ్యానర్ కట్టారు.

తీరా తెల్లారేసరికి కూర్చునేవాళ్లు లేరు. మా ఆయనకు షుగరు. కిరాణా దుకాణం సాయిబుగారికి గ్యాస్. ఎదురింటి పటేలు "బీపీ గోలి ఏసుకున్నంక తినకుంటె కండ్లు తిరుగుతయి" అని తప్పుకున్నాడు. ఆడవాళ్లం కూర్చుంటే మరి వీళ్లందరికీ వండేదెవరు? చివరికి మా ఆయన పెరట్లోకి పోయి కిరాయి పిల్లలను బతిమాలాడు.

"జర సాయంత్రం దాంక కూసోండ్రి. మీ ఆంటి కోసమన్న" అన్నాడు.

పాపం, వాళ్లు పోయి మెడలో దండలేసుకుని ఆ బ్యానర్ కిందే కూర్చున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. మధ్యాహ్నం షామియానా వెనక నుంచి ఉప్మా గిన్నె నేనే అందించాను. దీక్ష దీక్షే, ఆకలి ఆకలే.

సాయంత్రం ఎవరైనా పెద్దమనిషి నిమ్మరసం తాగిస్తే తప్ప దీక్ష విరమించకూడదు. వస్తానన్న లీడరు రాలేదు. పొద్దుగూకే వేళకు నిమ్మరసం పట్టుకుని సాక్షాత్తు ఆ కాంట్రాక్టరే వచ్చాడు. పిల్లలు వాడిపోయి ఉన్నారు, మావాళ్లకు వద్దనడానికి నోరు రాలేదు. ఆయన ఒక్కొక్కడికీ గ్లాసు అందిస్తూ, "యాడుంటున్రు బిడ్డా? ఏమన్న తక్లీఫ్ ఉన్నదా?" అని అడిగాడు.

ఆ సన్నాసులను అంత ప్రేమగా ఎవరూ అడిగి ఉండరు. "రేకుల కింద ఉడికిపోతున్నం సార్" అన్నాడొకడు. "అందరికి ఒకటే బాత్‌రూం. మోటరు గూడ ఆంటికి మనసైతెనే ఏస్తది" అన్నాడు నా ఉప్మా రెండోసారి అడిగి తిన్నవాడు. వాడ వాడంతా నా వైపు చూసింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మన బిల్డింగ్ల రూముకో బాత్‌రూం. ఐతారం చికెన్" అన్నాడు కాంట్రాక్టరు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మీటింగుల అలవాటు కొద్దీ మావాళ్లూ కొట్టారు. దీక్ష అట్లా ముగిసింది.

హాస్టల్ తెరవగానే మొదట చేరింది మా పిల్లలే. పోతూ పోతూ నా కాళ్లకు దండం పెట్టారు. తిడదామని తెరిచిన నోటితోనే చల్లగా ఉండమన్నాను. ఆ గదుల్లోకి మళ్లీ ఎవరూ రాలేదు.

"ఎందుకింత రంది పెట్టుకుంటవు? నేనున్న గద, ఏం కావాల్నన్న నన్నడుగు" అని మా ఆయన ఓదార్చాడు. నిజంగా ప్రేమతోనే అన్నాడు.

శ్రీరంగాపూర్ జాతరకు పోయే ముందు పైసలు అడిగాను. ఆయన పేపరు దించి, అద్దాల మీదుగా చూసి, "ఏంటికి?" అన్నాడు. గాజులకు అని చెప్పాను. పాతవి ఎట్లా పగిలాయో కూడా చెబుతున్నాను. చెబుతూ చెబుతూ, హెడ్మాస్టరు ముందు నిలబడ్డ పిల్లలాగా చేతులు కట్టుకున్నానని చూసుకుని, మధ్యలోనే ఆపి వంటింట్లోకి వచ్చేశాను.