భూమి బల్లపరుపుగా ఉన్న ఎండాకాలం

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. ఆ రోజుల్లో నాకూ లేదు. (ఆ రోజులంటే మరీ పాతవేం కావు, మాస్కులు అప్పుడప్పుడే విప్పి జేబుల్లో పెట్టుకుంటున్న రోజులు.) అనకాపల్లిలో ఒక సెల్ ఫోన్ల షాపులో రిపేరు పని చేసేవాణ్ణి. స్పీకరు మార్చాక పలుకుతోందో లేదో చూడ్డానికి ఏదో ఒక వీడియో పెట్టాలి కదా, అలా పెట్టిన వీడియోల్లో ఒకాయన తగిలాడు. ముఖం చూపించడు, గొంతు మాత్రం గంభీరంగా ఉంటుంది. భూమి గుండ్రం కాదు, బల్లపరుపు, చిన్నప్పట్నుంచీ మనల్ని అందరూ కలిసి మోసం చేస్తున్నారు అనేవాడు. మొదట నవ్వుకున్నాను. పదో ఫోనుకి ఆలోచనలో పడ్డాను. ఇరవయ్యో ఫోనుకి, అమ్మ అన్నం వడ్డిస్తుంటే పళ్ళెం వైపు అదోలా చూడ్డం మొదలుపెట్టాను.

షాపులో నేను "ఒరేయ్", ఇంట్లో "వీడు". ఈ లోకంలో నన్ను "సార్" అని పిలిచే చోటు ఒక్కటే, మా చర్చి వెనకాల రేకుల షెడ్డు. ఆదివారం పూజ అయ్యాక అక్కడ పిల్లలకి సత్యోపదేశం చెప్పేవాణ్ణి. ఆ ఏడు మే నెలలో బిషప్ గారు వచ్చి పిల్లలకి భద్రమైన అభ్యంగనం ఇస్తారన్నారు. నుదుట తైలం రాసి విశ్వాసంలో గట్టిపరిచే సంస్కారం అది. పిల్లల్ని దానికి తయారుచేసే పని ఫాదర్ గారు నాకు అప్పగించారు. సృష్టి పాఠం వచ్చిన రోజు ఉన్నదేదో చెప్పి ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఇంట్లోంచి స్టీలు పళ్ళెం, గాజు గిన్నె పట్టుకెళ్ళాను. పళ్ళెం భూమి, దానిమీద బోర్లించిన గిన్నె ఆకాశం. చర్చిలో టైల్స్ వేస్తున్న మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి నేలమీద పెట్టి, లోపలి బుడగ మధ్యలో నిలబడ్డం చూపించి, "ఎక్కడైనా వంపుందా?" అన్నాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఫాదర్ గారికి కూడా తెలియని సంగతి నాకు తెలిసిందని లోపల్లోపల గర్వం. ముందు వరసలో చాపమీద కూర్చున్న రాజయ్యపేట పాప ఒక్కతే లేచి, "బళ్ళో గుండ్రం అన్నారు సార్," అంది. ఎనిమిదో తరగతి చదువుకోసం ఇక్కడ పిన్ని ఇంట్లో ఉండేది. వాళ్ళ నాన్న ఊళ్ళో సముద్రం మీద వేటకెళ్తాడు. "బళ్ళో లక్ష చెప్తారు. నేను చెప్పేది రాసుకో," అన్నాను. రాసుకుంది.

ప్రసంగం మధ్యలో కిందికి దిగి పిల్లల్ని ప్రశ్నలడగడం మా బిషప్ గారికి అలవాటు. ఆ రోజు చర్చి కిటకిటలాడుతోంది. ఆయన నేరుగా ఆ పాప దగ్గరికే వచ్చి, "ఈ లోకాన్ని ఎవరు చేశారమ్మా?" అన్నారు. "దేవుడు సేసేడండి." "ఎలా చేశాడు?" (ప్రేమతో చేశాడు అంటుందని ఆయన ఎదురుచూసి ఉంటారు.) పాప చేతులు కట్టుకుని, "బల్లపరుపుగా సేసేడండి. మీద గిన్నె బోర్లించేడండి," అంది. జనం గొల్లున నవ్వారు. పాటలవాళ్ళు నవ్వారు, ఫోటోలు తీసే కుర్రాడు నవ్వాడు. బిషప్ గారు నవ్వాపుకుని, "ఎవరు చెప్పారు తల్లీ?" అన్నారు మెత్తగానే. పాప నా వైపు చూసింది. నేను పాటల పుస్తకంలో తల దూర్చి, అందులో లేని పాట కోసం వెతుకుతున్నాను. ఒక్క క్షణం చూసి, "ఎవరూ సెప్పలేదండి. నేనే అనుకున్నాను," అంది. ఆ మాట నాకు ఈరోజుకీ వినిపిస్తుంది. నుదుట తైలం రాయించుకునేటప్పుడు కూడా ఆ పిల్ల తలెత్తలేదు. తర్వాత రెండు ఆదివారాలు క్లాసుకి రాలేదు. "అందరూ నవ్వేరని ఇంక సర్చికి రానందట సార్, రాజయ్యపేట ఎల్లిపోయింది," అన్నారు పిల్లలు.

సిగ్గుతో నాకు అన్నం సహించలేదు. అయినా తెలివి ఎక్కడికి పోతుంది? ఫాదర్ గారికి బయట చెబితే క్లాసు ఊడుతుంది, నా "సార్" పోతుంది. పాపసంకీర్తనంలో, అంటే జాలీ వెనక కూర్చున్న ఫాదర్ గారికి పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెబితే? అక్కడ విన్నది ఆయన బయట ఎవరికీ చెప్పకూడదు, దాన్ని పట్టుకుని నన్ను ఏమీ చెయ్యకూడదు. శనివారం సాయంత్రం వెళ్ళి మోకరించి, జాలీకి ఇవతల నుంచి అంతా చెప్పాను. అవతల ఒక దగ్గు వినిపించింది. అది దగ్గు కాదేమో.

"నువ్వు నిజంగా నమ్మావా?" అన్నారు.

"నమ్మేను ఫాదర్."

"ఎవరు చెబితే?"

"వీడియోలో ఒకాయన. ముఖం చూపించడు."

"బడి పుస్తకాన్ని నమ్మవు, నన్ను ఒక్కమాట అడగవు, ముఖం లేనివాణ్ణి నమ్మావు. బాబూ, విశ్వాసం సంగతి మన తిరుసభ చెబుతుంది, అది విను. భూమి ఆకారం కళ్ళతో చూసి తెలుసుకోవలసిన సంగతి. అది చూసి తెలుసుకోవడానికి మన ఫాదర్లే కొందరు టెలిస్కోపుల ముందు కూర్చున్నారు." గొంతు తగ్గించి, "నేను బయట చెప్పడానికి లేదు. అందుకేగా ఇక్కడికొచ్చావు?" అన్నారు.

నేను జాలీ చిల్లులు లెక్కపెట్టాను.

"ఆ పాపకి చెప్పు. తర్వాత క్లాసులో అందరికీ చెప్పు. అదే నీ ప్రాయశ్చిత్తం."

"పది జపమాలలు చెబుతాను ఫాదర్," అన్నాను.

"అవీ చెప్పు," అన్నారు.

రెండ్రోజులకి బస్సెక్కి రాజయ్యపేట వెళ్ళాను. పాప వాళ్ళ నాన్న ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పాప పక్కనే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఎండలో నిలబడి, భూమి గుండ్రమేననీ, తప్పు చెప్పింది నేనేననీ, ఆ రోజు పుస్తకంలో దాక్కున్నాననీ చెప్పాను. పాప ఇంట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న వల పక్కన పెట్టాడు. వయసులో నాకంటే చాలా పెద్దవాడు, అయినా గారు తగిలించే మాట్లాడాడు.

"కోపం లేదు మాస్టారుగారూ. పడవ తిరిగొచ్చేటప్పుడు ఒడ్డునుంచి సూత్తే ముందు జెండా కనిపిత్తాది, తరవాతే పడవ కనిపిత్తాది. బల్లపరుపని ఇది అంటే, నేల వంపు లేపోతే అలాగెందుకుంటాదే అన్నాను. 'సార్ కాదన్నారు, నీకు తెల్దు నాన్నా' అంది. పుట్టిన కాడ్నించీ నా మాట కాదన్నది అదొక్కసారే."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. బస్సులో నక్కపల్లి దాటేదాకా తలెత్తలేకపోయాను.

ఆదివారం పాప వచ్చింది. వాళ్ళ నాన్న కూడా వచ్చి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, కొత్త చొక్కా వేసుకుని. నేను అంతా చెప్పాను. పిల్లలు విరగబడి నవ్వారు, ఒకడైతే చాపమీద పొర్లాడు. నవ్వులు తగ్గాక వెనకనుంచి ఒకడు, "మరి గుండ్రం అని మీకెవరు సెప్పేరు సార్?" అని అడిగాడు. ఫాదర్ గారి పేరు చెప్పొచ్చు, బడి పుస్తకం పేరు చెప్పొచ్చు. గుమ్మం వైపు చెయ్యి చూపించి, "ఈ పాప వాళ్ళ నాన్నగారు. ఆయన రోజూ చూస్తారు," అన్నాను. అందరూ అటు తిరిగారు. ఆయన కంగారుపడి చొక్కా సర్దుకున్నాడు. పాప లేచి, ఆయన పక్కకి వెళ్ళి, చెయ్యి పట్టుకుని నిలబడింది.

క్లాసు ఊడలేదు. (ఫాదర్ గారు ఏమీ విననట్టే ఉన్నారు, పాపం.) ముఖం లేనాయన గొంతు ఇప్పుడు కూడా అప్పుడప్పుడూ ఎవరి ఫోన్లోనో వినిపిస్తుంది. పళ్ళెం, గిన్నె చంకలో పెట్టుకుని ప్రపంచాన్ని బాగుచెయ్యడానికి బయల్దేరిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడిమీద కాస్త జాలి కూడా వేస్తుంది. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ నవ్వు ఆగిపోతుంది.