వానలున్న చోట కూలిన బడి

నేపాల్ కొండల్లో భూకంపానికి కూలిపోయిన ఒక బడి కోసం నోటు పుస్తకాలు పోగుచేస్తూ కాకినాడ నుంచి అనంతపురం దాకా వెళ్లాను. కదిరి బస్సులో, బత్తలపల్లిలో ఎక్కి నా పక్కన కూర్చున్న రైతు ఒళ్లో కొత్త టార్పాలిన్ ఉంది. నా మూటలేమిటని అడిగితే సంగతంతా చెప్పాను.

"వానలు పడతాయా ఆడ?" అన్నాడు.

ఆ వారమంతా అనంతపురం వైపు ఎక్కడ పుస్తకాలడిగినా ముందు ఇదే ప్రశ్న. భూకంపం గురించి ఒక్కరూ అడగలేదు. బాగా పడతాయన్నాను.

"వానలుంటే ఇంక వాళ్లకేం తక్కువప్పా?"

నాకు ఒళ్లు మండింది. గోడలు లేవని, పిల్లలు ఆరుబయట కూర్చుని చదువుకుంటున్నారని మళ్లీ చెప్పాను. అయినా ఏ నెలలో పడతాయి, ఎన్నాళ్లు పడతాయి అని ఒకటే ఆరా. నెలల తరబడి పడతాయని కసిరి, కిటికీ వైపు తిరిగిపోయాను.

తన ఊరు రాగానే లేచి, టార్పాలిన్ నా ఒళ్లో పెట్టాడు.

"అన్ని వానలకు పుస్తకాలు తడుస్తాయి కదన్నా. పిల్లోళ్ల నెత్తిన ఇది కట్టించు."

"మరి మీకు?"

"చెనిక్కాయల కుప్ప మీద కప్పేదానికని తెచ్చుకుంటి. ఈడ వానొచ్చినప్పుడు చూస్తాంలే."