మష్మూమ్ అనే తులసి

నా చిన్నప్పుడు బహ్రెయిన్‌లో మా ఇంటికి నీళ్లు రెండు రకాలు. కుళాయిలో వచ్చేవి ఉప్పన. స్నానాలకూ బట్టలకూ వాటితోనే సరిపెట్టుకునేవాళ్లం. తాగడానికీ వంటకీ తియ్యనీళ్లు క్యాన్లలో కొనుక్కోవాలి. అందుకని మా ఇంట్లో మొక్క పెంచడమంటే ఇంకో మనిషిని భోజనానికి పిలిచినట్టే, ముందూ వెనకా ఆలోచించాలి.

మేం మహూజ్ అనే పేటలో ఒక ఇంటి పైవాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్న ఒక గ్యారేజీలో స్టోర్‌కీపరు. ఊళ్లో మా నానమ్మకు మాత్రం, ఎన్నిసార్లు చెప్పినా, మేం దుబాయిలోనే ఉన్నట్టు. ఒక ఏడాది ఎండలు తగ్గి చలిగాలి మొదలవగానే అమ్మ ఖాళీ నూనె డబ్బాలకు అడుగున మేకుతో బెజ్జాలు కొట్టి, మట్టి నింపి, మేడ మీద వరసగా పెట్టింది. ఇక వాటిలో ఏం పెట్టాలన్నది పెద్ద చర్చ. నాన్నకు పచ్చిమిరప కావాలి, నాకు గులాబీ కావాలి. అమ్మ ఇద్దరి మాటా వింది, ఇద్దరి మాటా పక్కన పెట్టింది. పోసిన నీళ్లకు బదులుగా మొక్క వంటింటికి ఏదో ఒకటి ఇవ్వాలి, అదీ ఆమె పద్ధతి. "పువ్వును పులుసుల ఏస్తవా?" అని నన్నడిగింది.

కొత్తిమీర తొందరగా వస్తుంది కనుక దానికి మొదటి చోటు. పుదీనా, బజారులో కొన్న కట్టలోంచి కొమ్మ గుచ్చితే చాలు. వామాకు దగ్గుకూ జలుబుకూ. మా ఇంట్లో ప్రార్థనకు వచ్చే తెలుగువాళ్లలో లేబర్ క్యాంపుల్లో ఒంటరిగా ఉండే మగవాళ్లు గోంగూర పేరెత్తితేనే కళ్లనీళ్లు పెట్టుకునేవారు, అందుకని అది పెద్ద డబ్బాలోకి. ఎవరో సెలవుకు వెళ్లి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కరివేపాకు మొక్కకు గోడ నీడ. అలా ఎంచి ఎంచి చివరికి ఒక డబ్బా మిగిలింది. గులాబీకేనని నేను గంతులేశాను. అమ్మ ఆ డబ్బాను పక్కింటి అక్కకు ఇచ్చింది.

పక్కింటి అక్కంటే పక్కవాటాలో ఇంటిపని చేసే మనిషి. కోనసీమ నుంచి వచ్చింది. ఆ ఇంట్లో వంటగది మూల పరుపూ ఒక పెట్టే తప్ప ఆమెకంటూ ఏమీ లేదు. దేవుడి పటం కూడా పెట్టెలో బట్టల కిందే ఉండేది. శుక్రవారాలు కాసేపు తీరిక దొరికితే మా మేడ మీదికి వచ్చేది. ఏం పెట్టుకుంటావని అమ్మ అడిగితే చాలాసేపు మొహమాటపడి, తులసి అంది. "నాకంటూ దణ్ణం పెట్టుకునే చోటుంటే చాలండీ," అంది. మాది క్రైస్తవుల ఇల్లు. ప్రార్థనకొచ్చేవాళ్లు ఏమంటారోనని నాన్న నసిగాడు. "పుదీన పక్కన ఇంకో ఆకు. ఏమంటరు?" అని అమ్మ కొట్టిపారేసింది.

కానీ తులసి ఎక్కడా దొరకలేదు. డబ్బా చాలా రోజులు ఖాళీగానే ఉంది. చివరికి ఒకసారి అక్క పనిచేసే ఇంటివాళ్లు పిల్లల్ని చూసుకోవడానికి ఆమెను గలాలీ అనే ఊరికి తీసుకెళ్లారు. అక్కడొక పెరట్లో గుబురుగా ఒక మొక్క, అచ్చం తులసిలాగే. ఆ ఇంటావిడను సైగలతో అడిగితే కొమ్మ తుంచి చేతిలో పెట్టి, "మష్మూమ్" అందట. అక్క దాన్ని గ్లాసు నీళ్లలో పెట్టి, వేళ్లొచ్చాక తెచ్చి మా డబ్బాలో నాటింది. "తులసిని వీళ్లు మష్మూమంటారండీ," అని మాకు అరబ్బీ పాఠం కూడా చెప్పింది.

అమ్మ ఒక ఆకు నలిపి వాసన చూసింది. నేనూ చూశాను. తులసి ఘాటు కాదది, ఏదో తియ్యటి అత్తరు వాసన. తప్పు కనబడితే చెప్పకుండా ఉండలేని పిల్లను నేను, నోరు తెరిచాను. అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడు ఇప్పటికీ గుర్తే. "మంచిగున్నది చెల్లె," అని, తాగే నీళ్ల క్యానులోంచే చెంబు నింపి ఇచ్చింది. కూరలోకి రాని మొక్కకు అమ్మ తియ్యనీళ్లు ఇవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

మొక్క ఏపుగా పెరిగింది. అక్క డబ్బాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. శుక్రవారం దాని చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకుని వెళ్లేటప్పుడు ఆమె ముఖం చూడాలి, సొంతింటి గడప దాటి వెళ్తున్న మనిషిలా ఉండేది.

అలాంటి ఒక శుక్రవారమే కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు, ఒక బహ్రెయినీ పెద్దావిడ, మేడెక్కి వచ్చింది. మొక్కను చూడగానే "మష్మూమ్!" అని మురిసిపోతూ జడలోకి నాలుగు కొమ్మలు తుంచబోయింది. మనకు మల్లెపూలెలాగో అక్కడి ఆడవాళ్లకు మష్మూమ్ అలాగ. అక్క పరుగున అడ్డం వెళ్లింది. "శుక్రవారం తులసి కోయకూడదండీ! అమ్మగారూ, మీరైనా చెప్పండి!" పెద్దావిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు మాత్రం భయం వేసింది. ఇప్పుడు ఎవరైనా నిజం చెబితే అక్క పూజంతా నవ్వులపాలు. చెప్పకపోతే ఇల్లుగలావిడకు కోపం.

అమ్మ పెద్దావిడ చెయ్యి మెల్లగా పట్టుకుని, "బాచిర్, బాచిర్," అంది, రేపు అని. తర్వాత అక్కను చూపించి రెండు చేతులూ జోడించింది. పెద్దావిడ అక్క ముఖాన్నీ డబ్బా మీది బొట్టునూ కాసేపు చూసి, ఏమర్థమైందో, నవ్వి దిగి వెళ్లిపోయింది. శనివారం కోయొచ్చా అని అక్కనే అడిగి, మర్నాడు అమ్మ నాలుగు కొమ్మలు ఆవిడకు ఇచ్చి వచ్చింది. అంత చిన్న పనిలో ఎవరి గౌరవమూ తగ్గకుండా చూసిన మా అమ్మంటే నాకు ఈనాటికీ గర్వమే.

తర్వాత కొంతకాలానికి అక్క ఊరికి వెళ్లిపోయింది. "ఖలాసమ్మా, అయిపోయింది నా డ్యూటీ," అని నన్ను దగ్గరకు తీసుకుంటే, ఇక ఆగలేక అది తులసి కాదని చెప్పేశాను. అక్క కిసుక్కున నవ్వింది.

"తులసి వాసన తెలీని ఆడది మా వైపు ఉంటదామ్మా? కొమ్మ తుంచినప్పుడే తెలిసింది. నీ గులాబీని కాదని నాకోసం డబ్బా ఉంచారు మీ అమ్మగారు. దాన్ని ఖాళీగా చూసినప్పుడల్లా ఆవిడ మనసు కష్టపడిపోయేది. అందుకని అలా చెప్పాను. మొక్కగా మొక్కగా ఆ మొక్కే నాకు తులసైపోయింది. నాకు తెలుసని మాత్రం ఆవిడకు చెప్పకు, ఏం!"

చెప్పలేదు. అక్కకు తెలియకుండా తానే ఆ తులసిని కాపాడానని అమ్మ చివరిదాకా మురిసిపోతూనే ఉంది, నేను ఊ కొడుతూనే ఉన్నాను. ఇప్పటికీ ఎవరి నోటైనా తప్పు వినబడితే నా నాలుక దురదపెడుతుంది. అయినా దిద్దే ముందు ఒక్క క్షణం ఆగి, ఆ తప్పు ఎవరి మనసును కాస్తోందో చూస్తాను.