జీడిచెట్టు కింద మామ్మ

మామ్మ పోయిందని మొన్న పలాస స్టేషనులో తెలిసింది. కొబ్బరితాళ్ళ చుట్టలు రైలుకెక్కిస్తున్న మా ఊరి మనిషొకాయన నన్ను చూసి దగ్గరికొచ్చాడు. "మామ్మ ఎల్లిపోనాదమ్మా. పొద్దున్న అంబలి తాగి గోడకి సేరబడింది, అంతే" అన్నాడు. ఏడవాల్సింది పోయి, ఆవిడ మాటలు గుర్తొచ్చి నాకు ముందు నవ్వొచ్చింది. ఆయన అదోలా చూశాడు. చూడనీ. కళ్ళనీళ్ళు తర్వాత, రైలెక్కాక వచ్చాయి.

మామ్మ మాకు చుట్టం కాదు. మా ఊరు కవిటి దగ్గర, కొబ్బరితోటల మధ్య. ఆవిడ పక్కింట్లో ఒంటరిగా ఉండేది. మా అమ్మలాంటి ఆడవాళ్ళంతా తెల్లారేసరికి పీచు కొట్టడానికి పోయేవారు. గోతుల్లో నానేసిన కొబ్బరిడొక్కల్ని బడితెలతో బాదే పని అది. ఒకసారి పాకుతూ పోయిన ఒక పిల్ల నానబెట్టే గోతిలో పడి, జుట్టు ఎవరి చేతికో దొరకబట్టి బతికింది. ఆ సాయంత్రమే మామ్మ వీధిలోకొచ్చి, "రేపట్నించి గుంటల్ని నా కాడ ఒదిలీండి" అంది. గుంటలంటే మా వైపు పిల్లలు. అలా పదకొండుమందిమి ఆవిడ పెరట్లో చేరాం.

ఉయ్యాలలు కొబ్బరిచెట్టు దరిదాపుల్లో కట్టనిచ్చేది కాదు. "కొబ్బరికాయకి మూడు కళ్ళుంటాయి గానీ, కింద ఎవులున్నారో ఒక్కదాంతోనూ సూడదు" అనేది. అందుకని పెరటి చివర, కొమ్మలు నేలదాకా వంగిన జీడిచెట్టు కిందే మా కాపురం. చోడంబలి, అంటే రాగిజావ, తాగడానికి పిల్లకో కొబ్బరిచిప్ప. ఒకరి చిప్పలో ఇంకొకరు మూతి పెడితే వీపు మోగేది. నీళ్ళు కాచి చల్లార్చి పోసేది. దగ్గే పిల్లకి దూరంగా వేరే చాప. "దగ్గు సుట్టంలాటిది. సోటిత్తే కూకుండిపోతాది" అని ఆవిడ సూత్రం.

రోజూ పొద్దున్న పిల్లని దించుకునే ముందు నాలుక, చెవుల వెనక, కడుపు, అన్నీ చూసేది. పనికి ఆలస్యమవుతోందని తల్లులు విసుక్కునేవారు.

"ఏటి మామ్మా, సంతలో ఎద్దుని సూసినట్టు సూత్తన్నావు?"

"ఎద్దుకయితే పళ్ళు సూత్తాను. నీ గుంటకింకా రానేదు గదే!"

నాకు ఆరో ఏడు వచ్చిన వేసవిలో జరిగిందీ సంగతి. జీడిపళ్ళు రాలుతుంటే మామ్మ పిక్కలు తుంచేసి పళ్ళు మాత్రం మాకిచ్చేది. పిక్క కాలిస్తేనే తినాలని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆవిడ మా తమ్ముణ్ణి నిద్రపుచ్చుతుంటే ఆగలేకపోయాను. పచ్చిపిక్కలు ఏరి, పళ్ళతో కొరికితే లోపల పప్పుంటుందని మరో అయిదుగురికి పాఠం చెప్పాను. కొరికి చూపించాను కూడా.

మర్నాటికి ఆరుగురికీ మూతులు వాచి, వేళ్ళమీద బొబ్బలెక్కాయి. మా అమ్మ నన్ను చూడగానే, "ఓలమ్మో! అమ్మవారొచ్చింది!" అని కేకపెట్టింది. గంటలో ఆరిళ్ళకీ వేపమండలు వేలాడాయి. అందరి పిల్లల్నీ ఒకచోట పడుకోబెట్టినందుకే ఇలా అయిందని, ఇక మామ్మ పెరట్లోకి ఎవరూ పంపకూడదని మా అమ్మే అందరికంటే గట్టిగా అరిచింది. పిల్లాపాపా లేని మామ్మకి మేమే లోకం. మేం రాకపోతే ఆ మనిషికి తెల్లారేదెందుకు?

మామ్మ వేపమండలు తప్పించుకుని తిన్నగా లోపలికొచ్చేసింది. నా నుదురు చూసింది. జ్వరం లేదు. కుడిచెయ్యి చూసింది, శుభ్రంగా ఉంది. ఎడమచేతి నిండా బొబ్బలు.

"ఇది ఏ సేత్తో తింటాది?" అనడిగింది అమ్మని.

"ఎడమసేత్తోనే. ఎంత కొట్టినా మానదు."

మామ్మ మిగతా అయిదిళ్ళూ తిరిగొచ్చి మా వాకిట్లో నిలబడింది. "ఆలందరికీ కుడిసేతికే ఎక్కాయి, దీనికి ఎడమసేతికి. ఎవులు ఏ సేత్తో తింటారో అమ్మవారు కనుక్కుని మరీ ఒచ్చిందేటే?" అంది. వంగి నా వేళ్ళు వాసన చూసింది, తగిలితే ఒళ్ళు పొక్కించే పచ్చిజీడి వాసన. నేను భోరుమని జరిగిందంతా చెప్పేశాను.

మా అమ్మ నమ్మలేదు. "గుంటదాని మాటకేటి గానీ, అమ్మవారితో నవ్వులాటొద్దు మామ్మా" అంది భయంగా.

"తప్పు నాదేనే. కొబ్బరికాయ నెత్తిన పడతాదని బయపడ్డాను గానీ, జీడిపిక్క నోట్లో పడతాదని మరిసిపోనాను" అంది మామ్మ. కొంగున ఉన్న పచ్చిపిక్కని గుమ్మం రాతిమీద చితక్కొట్టి, అందరూ చూస్తుండగా తన ఎడమచేతికి మోచేతినించి మణికట్టుదాకా రాసేసుకుంది. "రేపు పొద్దున్న ఒచ్చి సూడండి. ఈ ముసిలిసేతికీ ఇయ్యే బొబ్బలెక్కకపోతే, గుంటల్ని పంపకండి" అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను టెక్కలిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దిస్తున్నాను. నా అల్లరికి ఇంకొకరు ఒళ్ళు కాల్చుకోవడం చూసినదాన్ని కాబట్టి, పిల్లల మీద చెయ్యెత్తబోయి చాలాసార్లు దించేశాను. అది మామ్మ పెట్టిన భిక్షే.

మామ్మ పిక్క రాసుకున్న మర్నాడు తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని పెరటి దడి దగ్గర ఆగిపోయారు. మూతులు వాచిన మేం వాళ్ళ కొంగులు పట్టుకుని నిలబడ్డాం. మామ్మ జీడిచెట్టు కింద చెయ్యి చాపుకుని కూర్చుంది. చెయ్యంతా మా వేళ్ళమీద ఉన్నలాంటి బొబ్బలే. అందరికంటే ముందు మా అమ్మే దడి దాటింది. తలొంచుకుని గబగబా వెళ్ళి, తమ్ముణ్ణి ఆవిడ చేతుల్లో పెట్టబోయింది.

"ఓలె, ఆ సేతిమీద కాదే! మంటెత్తిపోతంది. ఇటు పెట్టు!"

దడి అవతల ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన అందరూ పకపకా నవ్వుతూ, ఒకరినొకరు తోసుకుంటూ లోపలికొచ్చారు. ఎడమచెయ్యి గాలికి అలా చాపి ఉంచి, ఆ పొద్దున మామ్మ పదకొండుమందినీ ఒంటిచేత్తోనే దించుకుంది.