ఉత్తరం అడుగున కుర్చీ

కుర్చీలాయన ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు. కూర్చుంటాడు. కూర్చుని అటూ ఇటూ కాస్త కదులుతాడు. "ఎడమ పక్క స్ప్రింగు పోయిందండీ" అంటాడు. బాగున్నారా, పిల్లలెలా ఉన్నారు లాంటివన్నీ ఆ తర్వాతే. పిల్లనిమ్మని అడగడానికి వెళ్ళిన రోజు కూడా ఆ ఇంటి సోఫా మీద ఇదే పని చేశాడు. కాబోయే మామగారు మొహం చిట్లించారు గానీ పక్క గదిలోంచి పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు వల్లే పెళ్ళయిందని ఆయన నమ్మకం. సోఫా ఊరికే బాగవుతుందనే వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడని ఆవిడ అనుమానం.

విరిగిన కుర్చీకి కాలు, కుంగిన సోఫాకి స్పాంజి, చిరిగిన సీటుకి రెక్సిన్ వేయడం ఆయన వృత్తి. మందుల షాపుకీ లాండ్రీకీ మధ్య ఇరుక్కున్న ఒక గది ఆయన కొట్టు. జనం పాతది పారేసి కొత్తది కొనడం నేర్చుకున్నాక అక్కడ ఈగలు తోలుకునే పనొక్కటే మిగిలింది. కొన్నాళ్ళకి ఈగలు కూడా రావడం మానేశాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, ఆ కొత్త సోఫాలు అమ్మేది సాక్షాత్తూ ఆయన బావమరిదే. పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపుల షోరూము అతనిది.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ భార్య తేల్చి చెప్పేసింది.

"మీరలా ఖాళీగా కూర్చుని నా మొహం చూస్తుంటే నాకు చేతులాడటం లేదు. ఈ నెలాఖరు దాకా చూస్తాను. చెప్పుకోదగ్గ బేరమొకటి రాలేదో, కొట్టుకి తాళం వేసి మా తమ్ముడి దగ్గర మేనేజరుగా చేరిపోండి. వాడు రమ్మంటూనే ఉన్నాడు కదా!"

మేనేజరంటే ఏమిటో కుర్చీలాయనకి తెలుసు. టై కట్టుకుని అద్దాల తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "ఆ పాతది పారేయండి" అని చెప్పాలి. ఆయన అవసరానికి చిన్నా చితకా అబద్ధాలు ఆడగలడు. ఈ ఒక్క మాట మాత్రం ఆయన గొంతు దాటదు. ఆ పూట ముద్ద కూడా దిగలేదు.

ఊరక రారు మహానుభావులన్నట్టు, ఆదివారం నాడు బావమరిది దిగాడు. అతను ఎప్పుడొచ్చినా వెంట ఒక సలహా తెస్తాడు. అరటిపళ్ళు తెచ్చినా బాగుండునని కుర్చీలాయన మనసులో అనుకునేవాడు.

"బావా, పైసా ఖర్చు లేని పబ్లిసిటీ చెప్పనా? ఈమెయిల్ సిగ్నేచరు! నువ్వు ఎవరికి ఏం రాసినా సరే, ఉత్తరం అడుగున నీ షాపు గురించి నాలుగు ముక్కలు వాటంతటవే పోతాయి. చదివినవాడి బుర్రలో నువ్వు కూర్చుండిపోతావు. ఏదీ, నీ ఫోనిలా ఇయ్యి."

బావమరిదికి చదివే అలవాటు లేదు, నొక్కే అలవాటే. ఫోను తీసుకుని టకటకా ఏవేవో నొక్కి, "ఇదిగో, ఈ డబ్బాలో నీకు తోచింది రాసెయ్" అన్నాడు. కుర్చీలాయన నాలుక కొరుక్కుంటూ ఒక్కో అక్షరం వెతుక్కుని రాశాడు. బావమరిది దానివంక చూడకుండానే సేవ్ నొక్కేశాడు. ఉత్తరం అడుగున శాశ్వతంగా పడ్డ మాటలివి:

*కొత్త సోఫా కొనబోతున్నారా? ఆగండి!*
*మీ పాత సోఫాకి ఇంకా ఆయుష్షు ఉంది.*
*ఒక్కసారి నాకు చూపించండి. తర్వాత మీ ఇష్టం.*

వాటి కింద ఫోన్ నంబరు, ఆ కింద సుత్తి పట్టుకుని, పాస్‌పోర్టు ఫోటోకి దిగినంత గంభీరంగా చూస్తున్న కుర్చీలాయన బొమ్మ.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు మర్నాడు తెలిసింది. సంతకం సిద్ధంగా ఉంది గానీ, దానిపైన రాయడానికి ఉత్తరం లేదు. కుర్చీలాయనకి ఈమెయిల్ రాయాల్సిన మనిషి ఈ భూప్రపంచంలో ఒక్కడూ లేడు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. ముందుగా కరెంటాఫీసుకి రాశాడు: "అయ్యా, పోయిన వారం మా వీధిలో కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. చాలా సంతోషం." ఫిర్యాదు నమోదైందని జవాబొచ్చింది. ఆ మధ్యాహ్నం ఒకాయన నిచ్చెనతో వచ్చి, దేన్ని బాగుచేయాలో తెలియక, స్తంభమెక్కి దిగి, పనిలో పనిగా కరెంటు తీసేసి వెళ్ళాడు. తర్వాత బ్యాంకుకి రాశాడు: "నా ఖాతా క్షేమమని తలుస్తాను." చిన్నప్పటి లెక్కల మాస్టారికి క్షేమసమాచారాలు రాస్తే, ఆయన అందులోని తప్పులు దిద్ది, పదికి నాలుగు మార్కులు వేసి తిప్పి పంపారు. మీకు లాటరీలో కోట్లు తగిలాయని రాసిన మోసగాడికి కూడా ఎంతో మర్యాదగా బదులిచ్చాడు: "కోట్లు అలా ఉంచండి. మీ ఆఫీసులో కుర్చీలు ఎలా ఉన్నాయి?" ఆ మోసగాడు మళ్ళీ ఈ ఛాయలకి రాలేదు. దయచేసి దీనికి జవాబు ఇవ్వకండి అని అడుగున రాసి ఉన్న ఉత్తరాలకి సైతం ఈయన జవాబులిచ్చాడు. వద్దన్నంత మాత్రాన పలకరించడం మానేస్తామా అని ఆయన వాదన.

నెలాఖరు రానే వచ్చింది. బేరం మాత్రం రాలేదు. కుర్చీలాయన కొట్లో తన పాత బల్ల మీద కూర్చుని బావమరిదికి ఉత్తరం రాశాడు. "చిరంజీవి బావమరిదికి, నీ షోరూములో మేనేజరుగా చేరడానికి ఒప్పుకుంటున్నాను. రేపటినుంచి అక్కడే ఉంటాను." పంపేసి సుత్తిని గుడ్డలో చుట్టి పైన పెట్టేశాడు.

ఆ ఉత్తరం చూసి బావమరిది ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. చూశాడంటే పైరెండు వాక్యాలే చూశాడు. షోరూములో ఇదివరకు ఏదో ఒకటి కొన్నవాళ్ళయినా, కొందామని వచ్చి ధర చూసి పారిపోయినవాళ్ళయినా, అందరి అడ్రసులూ అతని దగ్గరున్నాయి. "మా కొత్త మేనేజరు గారి మాటలు ఆయన ఉత్తరంలోనే చదవండి!" అని ఒక వాక్యం చేర్చి, ఆ మొత్తం జనానికీ ఒక్క నొక్కుతో పంపేశాడు.

మర్నాడు కుర్చీలాయన టై కట్టుకుని, అద్దాల తలుపు దగ్గర, చివరి కోరిక కూడా అడగకుండా ఉరి తీయబోతున్నవాడిలా నిలబడ్డాడు. తలుపు తెరిచీ తెరవగానే ఒక పెద్దావిడ మూడు కాళ్ళ కుర్చీని ఆటోలోంచి దింపించింది.

"పాతవాటికి ఆయుష్షు పోసేది మీరేనా? ఫోటోలో కంటే బయటే నయంగా ఉన్నారు."

ఆవిడ వెనకాల ఒక జంట కుంగిపోయిన సోఫాని చెరోవైపు పట్టుకుని వచ్చారు. వాళ్ళ వెనక ఒక పళ్ళ డాక్టరు, తన రోగులు కూర్చునే పెద్ద కుర్చీ సీటుని చంకలో పెట్టుకుని వచ్చాడు. పదకొండు గంటలయ్యేసరికి షోరూములో కొత్త సోఫాల మీద పాత కుర్చీలు కాళ్ళు బారజాపుకుని పడుకున్నాయి. కొత్తది కొనడానికి వచ్చిన ఒకాయన ఇదంతా చూసి, "ఆగండాగండి, మా ఇంట్లో కూడా ఒకటుంది, ఇప్పుడే పట్టుకొస్తా" అని పరుగెత్తాడు.

"ఏంటిది బావా? ఏం చేశావ్?"

"నేనేం చేశాన్రా? నువ్వు చెప్పిన సంతకమేగా!"

బావమరిది జీవితంలో మొట్టమొదటిసారి ఒక ఉత్తరాన్ని చివరిదాకా చదివాడు. చదివాక అక్కడే ఉన్న మూడు కాళ్ళ కుర్చీలో కూలబడబోయి, దానితో సహా కింద పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని, కుర్చీలాయన ఫోను లాక్కుని, ఆ మొత్తం జనాల అడ్రసులూ అందులో ఎక్కించి తిరిగి చేతిలో పెట్టాడు.

"నేను చెప్తా, నువ్వు రాయి. 'నిన్నటి ఉత్తరం పొరపాటున వచ్చింది. క్షమించండి. దాన్ని పట్టించుకోకండి.' అయిందా? ఇలా ఇయ్యి."

"ఒరేయ్, అడుగున మళ్ళీ..."

"మధ్యలో మాట్లాడకు బావా, నాకసలే ఒళ్ళు మండిపోతోంది!"

నొక్కేశాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. క్షమాపణ కింద ఆ మూడు వాక్యాలూ, ఆ నంబరూ, ఆ సుత్తీ మళ్ళీ ఇంటింటికీ వెళ్ళాయి. నిన్న చూడనివాళ్ళు ఇవాళ చూశారు. నిన్న చూసినవాళ్ళు, ఇంత నిజాయితీగా రెండోసారి కూడా చెప్తున్నాడంటే మనిషి గట్టివాడేనని నిర్ధారించుకున్నారు. సాయంత్రానికి బావమరిది రెండు చేతులూ జోడించాడు.

"నువ్వు రేపట్నుంచి రావద్దు బావా. నీకు పుణ్యముంటుంది."

ఉద్యోగం పోయినందుకు అంత ఆనందపడ్డ మనిషిని ఆ రోడ్డు ఎన్నడూ చూసి ఉండదు. కుర్చీలాయన టై విప్పి, దానితోనే డాక్టరు గారి సీటుని వీపుకి కట్టుకుని కొట్టుకి నడిచాడు.

వారం గడిచేసరికి కొట్లో కాలు పెట్టే సందు లేదు. సామాను వీధిలోకి పారి మందుల షాపు మెట్ల దాకా వెళ్ళింది. మందులకి వచ్చినవాళ్ళు ఆ కుర్చీల్లో కూర్చుని సేదతీరుతున్నారు. తమ్ముడి గోడు విని, మొగుణ్ణి నాలుగు చివాట్లు పెడదామని భార్య కొట్టు దగ్గరికి వచ్చింది. నిలబడటానికి చోటు లేక ఒక సోఫా చేతి మీద ఒరిగి, నోరు తెరవబోయింది. ఇంతలో ఫోను మోగింది. కుర్చీలాయన పెదాల మధ్య మేకులున్నాయి. ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో బిగలాగి పట్టుకున్న రెక్సిన్. తీయమని ఆవిడకి కళ్ళతోనే సైగ చేశాడు.

"హలో... అవునండీ, కుర్చీలాయన కొట్టే... నేనాయన భార్యనండీ." ఆవిడ గదంతా ఒకసారి కలయజూసింది. చూసి నిటారుగా నిలబడింది. "ఈ నెల కుదరదండీ. ఆయనకి అస్సలు ఖాళీ లేదు."

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. అవతలివాళ్ళు బతిమాలుతున్నట్టున్నారు. ఆవిడ ఇంకాస్త గొంతు పెంచింది.

"చెప్తున్నానుగా, ఖాళీ లేదని!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్య నోట ఇంత గొప్ప మాట ఆయన వినలేదు. నోట్లో మేకులుండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడే ఏడ్చేసేవాడు.